మృదంగం నుంచి సముద్రం దాకా: సి.వి. రామన్ వెదికిన భౌతికశాస్త్రం

మృదంగం కుడివైపు మూత మధ్యలో నల్లటి గుండ్రని పూత ఉంటుంది. కచేరీల్లో, పెళ్లిళ్లలో, హరికథల్లో మనమంతా చూసిందే. నల్లరాతి పొడి, అన్నం కలిపి మెత్తగా నూరి, పొర మీద పొరగా రుద్ది ఆరబెట్టి దాన్ని తయారు చేస్తారు. ఆ పూత ఎందుకని వాయించేవారిని అడిగితే నాదం కోసమంటారు. ఆ జవాబు సరైనదే. అయితే ఆ పూత వల్ల నాదం ఎలా పుడుతుందో 1920లో లెక్కతో, ప్రయోగంతో లోకానికి చెప్పినవాడు కలకత్తా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న 31 ఏళ్ల ఆచార్యుడు చంద్రశేఖర వేంకట రామన్. నోబెల్ బహుమతికి ఇంకా పదేళ్లు ఉంది.

మన బడుల్లో రామన్ ఏడాదికి ఒక్కసారే కనిపిస్తాడు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం, గోడ మీద తలపాగా ఉన్న ఫొటో, పిల్లలు అప్పజెప్పే పది వాక్యాలు. ఆ పది వాక్యాల్లో మృదంగం ఉండదు, వీణ ఉండదు. సముద్రం ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. సైన్సు అంటే ఎక్కడో పెద్ద ప్రయోగశాలలో, ఇంగ్లీషులో మాత్రమే జరిగే పని అనుకునే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఆ వదిలేసిన భాగమే ముందు చెప్పాలని నా అభిప్రాయం.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టాడు. తల్లి పార్వతి అమ్మాళ్, తండ్రి చంద్రశేఖర అయ్యర్. ఎనిమిది మంది సంతానంలో రెండోవాడు. రామన్‌కు నాలుగేళ్లు నిండకముందే, 1892లో, తండ్రికి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. కుటుంబమంతా సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరికి తరలివచ్చింది. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఊరి భాష ఒకటి, ఇంటి భాష ఒకటి అయిన పిల్లలు ఎలా ఉంటారో మనకు వేరే చెప్పనక్కర్లేదు. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో మన పిల్లలు ఇవాళ ఉన్న చోటే, తిరగేసి చూస్తే, ఆనాటి రామన్ ఉన్నాడు.

ఆ ఇంట్లో రెండు వస్తువులు దండిగా ఉండేవి: పుస్తకాలు, సంగీతం. తండ్రి వయొలిన్ వాయించేవాడు. ఇంటి అల్మరాలో గణితం, భౌతికశాస్త్రం పుస్తకాలుండేవి. కుర్రవాడు పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్, పదమూడేళ్లకు ఎఫ్.ఎ. పూర్తి చేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాడు. 1904లో బి.ఎ.లో ప్రథముడు, భౌతికశాస్త్రంలో బంగారు పతకం. ఈ వయసుల లెక్క విని మన పిల్లలను తొందరపెట్టకండి. ఆ వయసుకు ఆ పరీక్షలు అందరికీ సాధ్యమయ్యేవి కావు, కానక్కర్లేదు కూడా.

తనను తీర్చిదిద్దినవి మూడు పుస్తకాలని రామన్ తరవాతి కాలంలో రాసుకున్నాడు. ఒకటి, బుద్ధుడి జీవితం మీద ఎడ్విన్ ఆర్నాల్డ్ రాసిన కావ్యం. రెండోది యూక్లిడ్ జ్యామితి. మూడోది, సంగీత స్వరాలను మన చెవి ఎలా గ్రహిస్తుందో వివరించిన జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ గ్రంథం. ఒక కావ్యం, ఒక లెక్కల పుస్తకం, ఒక శబ్దశాస్త్రం. ఆయన చదువంతా ఈ మూడింటి మధ్యే తిరిగిందంటే తప్పు కాదు.

ప్రెసిడెన్సీలో ఎం.ఎ. చదువుతుండగానే, 1906 నవంబరులో, కాంతి మీద ఆయన రాసిన మొదటి వ్యాసం లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి వయసు 18. ఇంత తెలివైన కుర్రవాడిని ఇంగ్లండు పంపాలనుకున్నారు. కానీ పరీక్ష చేసిన సివిల్ సర్జన్, ఈ బక్కపలచటి శరీరం ఆ చలికి తట్టుకోదని తేల్చేశాడు. మన దేశంలో అప్పట్లో భౌతికశాస్త్రం చదివితే దానికి తగ్గ ఉద్యోగం లేదు. అందుకని ఆర్థికశాఖ పోటీ పరీక్ష రాశాడు, మొదటి స్థానం తెచ్చుకున్నాడు. 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరాడు. పందొమ్మిదేళ్లు నిండకముందే మంచి జీతం, సర్కారు హోదా. ఇంతకన్నా ఏ తల్లిదండ్రులు ఏం కోరుకుంటారు?

ఆ ఏడాదే పెళ్లయింది. లోకసుందరిని ఆయన మొదటిసారి చూసినప్పుడు ఆమె వీణ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తోందని చెబుతారు. ఆ ఇంట్లో తమిళమే మాట్లాడి ఉంటారు, వీణ మీద పలికింది మాత్రం తెలుగు పాట.

కలకత్తాలో ట్రాములో వెళుతుండగా బౌబజారు వీధిలో ఒక బోర్డు ఆయన కంటపడింది: ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. భారతీయులే నడుపుకునే విజ్ఞాన సంస్థ ఉండాలని 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ చందాలు పోగుచేసి దాన్ని స్థాపించాడు. కట్టడం ఉంది, పరికరాలున్నాయి, పరిశోధన చేసేవాళ్లే లేరు. రామన్ దిగి లోపలికి వెళ్లాడు. మహేంద్రలాల్ కొడుకు అమృతలాల్ ఆయనకు తలుపులు తెరిచాడు. అక్కడి సహాయకుడు అశుతోష్ డే ఆయనకు కుడిభుజమయ్యాడు.

అప్పటినుంచి ఒక దినచర్య మొదలైంది. తెల్లవారుజామున అయిదున్నరకే అసోసియేషన్‌కు. పదింటికల్లా ఇంటికొచ్చి స్నానం, భోజనం, ఆఫీసు. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా మళ్లీ అసోసియేషన్, రాత్రి తొమ్మిదిన్నర, పది దాకా. ఆదివారాలు పూర్తిగా అక్కడే. దాదాపు పదేళ్లు ఇలాగే గడిచాయి. మధ్యలో 1909లో రంగూన్‌కు, 1910లో నాగపూర్‌కు బదిలీ చేశారు. 1911లో తిరిగి కలకత్తా చేరి పాత దారి పట్టాడు. ఈ కాలమంతా లోకసుందరి ఇల్లు ఎలా నడిపిందో జీవితచరిత్రలు పెద్దగా రాయలేదు. రాయవలసింది.

ఆ పొద్దు, మాపు గంటల్లో ఆయన పట్టుకున్నది సంగీత వాద్యాలను. కారణం ఒకటి అభిరుచి, ఇంకొకటి చేతిలో ఉన్న వనరులు. ఖరీదైన యంత్రాలు కొనలేని చోట వయొలిన్, వీణ, తంబుర, తబలా దొరుకుతాయి.

ముందు వయొలిన్ సంగతి. కమానుతో తీగను రుద్దినప్పుడు తీగ అంతా నున్నగా వంపు తిరిగి ఊగుతున్నట్టు కంటికి కనిపిస్తుంది. నిజానికి తీగలో ఒక మూల మడత పడి అటూ ఇటూ పరుగెడుతుంది. తీగ కమానును కాసేపు అంటిపెట్టుకుని, తటాలున జారి, మళ్లీ అంటుకుంటుంది. ఈ అంటుకోవడం, జారడం సెకనుకు వందలసార్లు జరుగుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ చూపిన ఈ చలనాన్ని రామన్ పూర్తి సిద్ధాంతంగా విస్తరించి 1918లో పెద్ద గ్రంథం రాశాడు. కమాను వేగం, నొక్కుడు మారితే స్వరం ఎలా మారుతుందో కొలవడానికి మనిషి చేయి లేకుండా వయొలిన్ వాయించే యంత్రం కూడా తయారు చేయించాడు.

తరవాత వీణ, తంబుర. తీగను ఏ చోట మీటితే, ఆ చోట కదలకుండా ఉండవలసిన అనుస్వరం పలకకూడదని పాశ్చాత్య శాస్త్రం చెప్పేది. అనుస్వరమంటే మూల స్వరంతో పాటే సన్నగా వినిపించే రెట్టింపు, మూడు రెట్ల, నాలుగు రెట్ల పౌనఃపున్యాల ధ్వని. వీణ ఆ నియమాన్ని పాటించడం లేదు. పలకకూడని అనుస్వరం నిక్షేపంగా పలుకుతోంది. రామన్ కారణం వెదికాడు. పాశ్చాత్య వాద్యాల్లో తీగ ఒక సన్నని అంచు మీద ఆనుతుంది. వీణలో తీగ వెడల్పాటి, కాస్త వంపుగా ఉన్న లోహపు తలం మీద ఆనుతుంది. తీగ ఊగిన ప్రతిసారీ ఆ వంపును తాకుతూ, వదులుతూ ఉంటుంది. అందుకే ఆ నిండుదనం. తంబురలో తీగకింద నూలుపోగు జరిపి సరిచూసుకోవడం ఇందుకే. 1921లో ఆయన దీన్ని ప్రచురించాడు. వీణ చేసేవాళ్లు ఆ పలకను గంటల తరబడి ఆకురాయితో అరగదీస్తూ, తీగ మీటి వింటూ, మళ్లీ అరగదీస్తారు. ఆ చెవులకు తెలిసినదాన్ని ఆయన అంకెల్లో పెట్టాడు.

ఇక మృదంగం, తబలా. ఇది పిల్లలకు చెప్పి తీరవలసిన కథ. మామూలు డప్పు తోలు ఒకే మందంగా ఉంటుంది. దాన్ని కొడితే మూల స్వరంతో పాటు పుట్టే ఇతర కంపనాలు దానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు, ఇలా పొంతన లేని లెక్కల్లో ఉంటాయి. చెవికి అది మోతగా వినిపిస్తుంది కానీ స్వరంగా వినిపించదు. తీగ వాద్యంలోనైతే 1, 2, 3, 4, 5 అని వరసగా వస్తాయి. అందుకే అది శ్రుతిగా ఉంటుంది. మరి మృదంగాన్ని గాయకుడి శ్రుతికి ఎలా కలుపుతున్నారు? మధ్యలో ఆ నల్లపూత బరువు, చుట్టూ అంచున ఉన్న రెండో తోలు కలిసి ఆ పొంతనలేని కంపనాలను 1, 2, 3, 4, 5 వరసలోకి లాక్కొస్తాయని రామన్ కనుగొన్నాడు. తోలు మీద సన్నని ఇసుక చల్లి వాయించి, ఇసుక ఏ గీతల వెంట చేరుతుందో చూసి రుజువు చేశాడు. తొమ్మిది రకాల కంపనాలు అయిదు స్వరాలుగా జట్టుకడతాయి. 1920లో ఎస్. కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో చిన్న లేఖ, 1934లో పూర్తి వ్యాసం రాశాడు.

ఎన్నో తరాల కిందట పేరు తెలియని ఏ వాద్యకారుడో, తోలు పనివాడో తోలు మీద పూత ఎంత వెడల్పు ఉండాలో, ఎన్ని పొరలు రుద్దాలో విని, సరిచేసి, కొడుక్కు నేర్పాడు. ఆయనకు సమీకరణం తెలియదు, ఫలితం తెలుసు. రామన్ ఆ పనిని పాతకాలపు విశేషంగా చూడలేదు. తనకన్నా ముందు జరిగిన ప్రయోగంగా లెక్కలోకి తీసుకున్నాడు. సంస్కృతిలో సైన్సు ఉందని ఊరికే గొప్పలు చెప్పుకోవడానికీ, ఇలా కొలిచి చూపడానికీ చాలా దూరం ఉంది. 1927లో జర్మన్లు వెలువరించిన భౌతికశాస్త్ర మహాగ్రంథంలో సంగీత వాద్యాల అధ్యాయాన్ని ఈయన చేతే రాయించారు.

ఎనిమిదో తరగతిలో ధ్వని పాఠం వచ్చినప్పుడు నేను ఈ పని చేయిస్తాను: స్టీలు గిన్నె మీద బెలూను ముక్కను బిగించి కట్టి, దాని మీద పంచదార పలుకులు చల్లి, దగ్గరగా గిన్నెను బిగ్గరగా మోగించాలి. పలుకులు ఎగురుతాయి. బెలూను మధ్యలో చపాతీ పిండి ముద్ద చిన్నది అంటించి వేలితో తడితే శబ్దం మారుతుంది. అయిదు రూపాయల ఖర్చు. మృదంగం ఎడమవైపు కచేరీకి ముందు పిండిముద్ద ఎందుకు అంటిస్తారో ఆ తరవాత పిల్లలే చెబుతారు. ఆ చెప్పడం తెలుగులోనే చెబుతారు.

1917లో రామన్ జీవితంలో పెద్ద మలుపు. కలకత్తా విశ్వవిద్యాలయంలో తారకనాథ్ పాలిత్ ఇచ్చిన విరాళంతో భౌతికశాస్త్ర ఆచార్య పీఠం ఏర్పడింది. వైస్ ఛాన్సలర్‌గా ఉన్నకాలం నుంచే రామన్‌ను గమనిస్తూ వచ్చిన అశుతోష్ ముఖర్జీ ఆయన్ను పిలిచాడు. చిక్కు రెండు చోట్ల వచ్చింది. ఆ పీఠం ఎక్కేవారు విదేశంలో శిక్షణ పొందాలని నిబంధన ఉంది. రామన్ వెళ్లనన్నాడు, వాళ్లు సడలించారు. రెండోది జీతం. ఆర్థికశాఖలో వచ్చేదానిలో దాదాపు సగమే ఇక్కడ వస్తుంది. పైగా ఆ శాఖలో ఉంటే ఇంకా పైకి వెళ్లే దారి తెరిచే ఉంది. ఆయన రాజీనామా చేసి వచ్చేశాడు. భార్య, కుటుంబ బాధ్యతలు ఉన్న 28 ఏళ్ల మనిషి చేసిన పని ఇది. పిల్లవాడు సైన్సు చదువుతానంటే ఉద్యోగం మాటేమిటని మనం అడిగే ప్రశ్న తప్పేమీ కాదు. ఆ ప్రశ్నకు రామన్ ముందు ఉద్యోగం తెచ్చుకుని, పదేళ్లు రెండు పనులూ చేసి, తరవాతే ఎంచుకున్నాడని గుర్తుంచుకుంటే చాలు.

1921లో మొదటిసారి ఇంగ్లండు వెళ్లాడు. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి గుమ్మటం కింద గోడకు ఒకచోట గుసగుసగా మాట్లాడితే అవతలి గోడ దగ్గర వినిపిస్తుంది. చూడటానికి వెళ్లినవాడు దాని మీదా ప్రయోగం చేసి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో నార్కుండా ఓడ మధ్యధరా సముద్రంలో సాగుతుండగా ఆ నీటి నీలం ఆయన్ను పట్టేసింది. సముద్రం నీలంగా ఉండటానికి కారణం ఆకాశం ప్రతిఫలించడమేనని అంతకుముందు లార్డ్ రేలీ చెప్పాడు. అంతటి శాస్త్రవేత్త చెప్పాక ఇంకేం చూస్తారు? రామన్ జేబులో నికోల్ పట్టకం అనే చిన్న స్ఫటికపు ముక్క ఉంది. నీటి మీద ఒక ప్రత్యేక కోణంలో ప్రతిఫలించి వచ్చే కాంతిని దానితో కత్తిరించేయవచ్చు. అలా ఆకాశపు ప్రతిబింబాన్ని తీసేసి చూశాడు. సముద్రం మరింత నీలంగా కనిపించింది. అంటే రంగు నీటిలోంచే వస్తోంది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేల్చి, ఓడ బొంబాయి రేవు చేరేసరికి నేచర్ పత్రికకు లేఖ సిద్ధం చేశాడు. నీరు కాంతిలోని ఎరుపును పీల్చుకోవడం ఈ నీలానికి ఇంకా పెద్ద కారణమని ఇవాళ చెబుతారు. కాబట్టి పాఠం చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి.

చిన్నప్పుడు విశాఖలో రోజూ చూసిన సముద్రమే కదా, అక్కడే ఎందుకు తట్టలేదని ఒక విద్యార్థిని అడిగింది. అప్పటికి ఆయన జేబులో ఆ పట్టకం లేదు, బుర్రలో రేలీ సిద్ధాంతం లేదు. అడగడానికి కుతూహలం కావాలి, తేల్చడానికి చదువు కావాలి.

కలకత్తా చేరాక పరిక్షేపణం, అంటే పదార్థంలో కాంతి చెదరడం, ఆయన ప్రధాన విషయమైంది. ఈ కథలో మరికొన్ని పేర్లు చెప్పకపోతే అన్యాయం. 1923లో కె.ఆర్. రామనాథన్ నీటిలో చెదిరిన కాంతిలో రంగు మారిన ఒక బలహీనమైన జాడ గమనించాడు. మలినాల వల్లేమోనని నీటిని ఎన్నిసార్లు శుద్ధి చేసినా అది పోలేదు. తరవాత కె.ఎస్. కృష్ణన్ ఇతర ద్రవాల్లో అదే చూశాడు. 1928 జనవరికల్లా ఎస్. వెంకటేశ్వరన్ గ్లిజరిన్‌లో చెదిరిన కాంతి ఆకుపచ్చగా రావడం కనిపెట్టాడు. రామన్, కృష్ణన్ కలిసి దీన్ని వదలకుండా వెంటాడారు. పరికరాలు సాదావి: ఎండ, ఆ ఎండను పోగుచేసే దుర్భిణీ కటకం, రంగు వడపోత గాజులు, శుద్ధి చేసిన ద్రవం ఉన్న బుడ్డి, చివరికి మనిషి కన్ను. ఊదా రంగు మాత్రమే లోపలికి పంపి, ఆ ఊదాను ఆపేసే గాజు కంటి ముందు పెట్టుకుంటే చీకటే కనిపించాలి. వెలుతురు చార కనిపించింది. ద్రవంలో కాంతి రంగు మారుతోంది. దాదాపు అరవై ద్రవాల్లో ఇదే జరిగింది. 1928 ఫిబ్రవరి 28న పాదరసపు దీపం, వర్ణపటదర్శిని పెట్టి చూస్తే కొత్త గీతలు విడివిడిగా స్పష్టంగా కనిపించాయి.

దీన్ని తరగతిలో ఇలా చెప్పవచ్చు. గోడకు బంతి విసిరితే మామూలుగా అదే ఊపుతో తిరిగివస్తుంది. గోడ స్థానంలో కిలకిలా ఊగుతున్న గజ్జె ఉంటే, బంతి కాస్త ఊపును గజ్జెకిచ్చి నెమ్మదిగా రావచ్చు, లేదా గజ్జె ఊపునే తీసుకుని ఇంకా వేగంగా రావచ్చు. కాంతి కణాలు బంతులు, అణువులు గజ్జెలు. ఏ అణువు ఎలా ఊగుతుందో దాన్నిబట్టి తిరిగొచ్చే కాంతి రంగు మారుతుంది. కోటి కణాల్లో ఏ ఒక్కదానికో ఇలా జరుగుతుంది. మృదంగం తోలు ఊగే తీరు చదివినవాడే అణువు ఊగే తీరు చదివాడు.

1928 మార్చి 16న బెంగుళూరులో ఆయన ఈ కొత్త కాంతి గురించి ఉపన్యసించాడు. కర్ణాటకలో ఉన్న మన బడులవారికి ఇది గుర్తుండాలి. మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ అదే సమయంలో స్ఫటికాల్లో ఇదే ఫలితాన్ని స్వతంత్రంగా కనుగొన్నారు, అయితే ప్రచురణలో రామన్ ముందున్నాడు. 1929లో సర్ బిరుదు, 1930లో నోబెల్. బహుమతి ప్రకటన రాకముందే, జులైలోనే, తనకూ భార్యకూ స్వీడన్ ప్రయాణానికి ఓడ టికెట్లు కొనిపెట్టుకున్నాడని చెబుతారు. అంత నమ్మకం, కాస్త అహం కూడా. విజ్ఞానశాస్త్రాల్లో నోబెల్ అందుకున్న మొదటి ఆసియావాసి ఆయనే.

మన తెలుగు కుర్రవాడొకడు ఆ రోజుల్లోనే కలకత్తా వెళ్లి ఆయన దగ్గర చేరాడు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం. రామన్ దగ్గర పరిక్షేపణం మీద పనిచేసి, తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, ఆ విద్యను విశాఖకే తెచ్చాడు. అప్పుడు పోయి తిరిగొచ్చిందా అన్నట్టు. తరవాతి కాలంలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్ కూడా అయ్యాడు.

అదే సంస్థకు రామన్ 1933లో మొదటి భారతీయ డైరెక్టర్‌గా వెళ్లాడు. అక్కడి కథ అంత సాఫీగా లేదు. మిగతావారితో పొసగక 1937లో పదవి వదిలి, ఆచార్యుడిగా మాత్రం 1948 దాకా కొనసాగాడు. స్ఫటికాల్లో అణువుల కంపనాల గురించి మాక్స్ బోర్న్‌తో ఏళ్ల తరబడి వాదించాడు. ఆ వాదంలో బోర్న్‌దే ఒప్పని తేలింది, అయినా రామన్ దిగిరాలేదు. 1933లో బొంబాయి నుంచి వచ్చిన కమలా భాగవత్‌ను ఆడపిల్ల అన్న కారణంతో చేర్చుకోనన్నాడు. ఆమె కదలలేదు. చివరికి ఏడాదిపాటు పరీక్షార్థంగా చేర్చుకుని, ఆమె పని చూశాక ఒప్పుకున్నాడు. పెళ్లయ్యాక కమలా సొహోనీగా ప్రసిద్ధి పొంది, జీవరసాయన శాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకుంది. తరవాత అన్నా మణి వంటివారు ఆయన దగ్గరే పరిశోధన చేశారు. రామన్ గొప్పవాడు కాబట్టి ఇవన్నీ దాచాలని నేననుకోను. మన ఆడపిల్లలకు కమల కథ కూడా రామన్ కథలో భాగంగానే చెప్పాలి.

1948లో బెంగుళూరులోనే సొంత పరిశోధనా సంస్థ పెట్టుకున్నాడు. సర్కారు సొమ్ము మీద ఆధారపడటం ఇష్టం లేదు. అంతకుముందు 1943లో ట్రావన్‌కూరులో, అగ్గిపెట్టెల తయారీకి కావలసిన రసాయనం చేసే కంపెనీ స్థాపనలోనూ ఆయన చేయి ఉంది. ఆ చివరి ఇరవై ఏళ్లలో ఆయన బల్ల మీద ఉన్నవేమిటి? గులాబీ రేకులు, రత్నాలు, వజ్రాలు, ముత్యాలు, శంఖాలు, సీతాకోకచిలుకల రెక్కలు. ఈ రంగు ఎందుకు వచ్చింది, కన్ను దాన్ని ఎలా చూస్తోంది అని 1968లో, ఎనభై ఏళ్ల వయసులో, చూపు గురించి పుస్తకం వెలువరించాడు. బడిపిల్లలను పిలిచి ఆ రాళ్లు, రెక్కలు చూపించడమంటే ఆయనకు ఇష్టం. 1954లో భారతరత్న వచ్చింది.

సైన్సును మాతృభాషలో చెప్పాలని, లేకపోతే అది పైవర్గంవారి వ్యవహారంగా మిగిలిపోయి అందరూ పాల్గొనే పని కాకుండా పోతుందని ఆయన అభిప్రాయం. ఆయన చదివింది, రాసింది ఇంగ్లీషులోనే. అందువల్ల తెలుగు మీడియం చదివితే రామన్ అవుతారని నేను తల్లిదండ్రులకు చెప్పను, చెబితే అబద్ధమవుతుంది. పై చదువుకు ఇంగ్లీషు కావాలి, మన బడులు దాన్ని గట్టిగా నేర్పాలి. కానీ సముద్రం ఎందుకు నీలం అని, మద్దెలకు నల్లమచ్చ ఎందుకని పిల్ల మొదటిసారి అడిగేది ఇంటి భాషలోనే. ఆ ప్రశ్నకు ఇంగ్లీషు వచ్చేదాకా ఆగమనడం ఏ సైన్సూ కాదు.

రామన్ కనుగొన్నది మొదట్లో ప్రయోగశాల విషయంగానే ఉండేది, ఎందుకంటే ఆ కాంతి చాలా బలహీనం. 1960లో లేజర్ వచ్చాక దశ తిరిగింది. ఇవాళ చేతిలో పట్టుకునే రామన్ యంత్రాలున్నాయి. మందు బిళ్ల అసలుదా నకిలీదా అన్నది అట్ట విప్పకుండానే చెప్పగలవు. రాయి వజ్రమా, గాజా చెప్పగలవు. పాత చిత్రంలో ఏ రంగు పొడి వాడారో చిత్రాన్ని గీరకుండా చెప్పగలవు. 2021లో అంగారక గ్రహం మీద దిగిన పెర్సివరెన్స్ బండిలో ఇదే సూత్రం మీద పనిచేసే పరికరాలు రాళ్లను పరీక్షిస్తున్నాయి.

1970 నవంబరు 21న బెంగుళూరులో రామన్ కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం పెద్ద తంతులేమీ లేకుండా సంస్థ తోటలోనే దహనం చేసి, ఆ చోట ఒక చెట్టు నాటారు. ఆ సంస్థ సదాశివనగర్‌లో ఉంది. ఆయన పోగుచేసిన స్ఫటికాలు, రాళ్లు ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉన్నాయి.